పది వెదురు బద్దలు, ఒక వాయిల్ చీర: క్రిస్మస్ నక్షత్రం పని డైరీ

గుంటూరు, 2023 నవంబరు – 2024 జనవరి

మూడడుగుల క్రిస్మస్ స్టార్ ఇంట్లో చేసిన పని లెక్క ఇది. చేయాలనుకునేవాళ్ళు ముందు రెండో దశ, ఐదో దశ చదవండి. మిగతావి ఎందుకు పాడయ్యాయో కూడా చదివితే మీకు ఒక కర్ర, ఒక వారం మిగులుతాయి.

నేను పెట్టుకున్న షరతులు మూడు. విప్పి కట్టగట్టి అటక మీద పెట్టుకునేలా ఉండాలి. పాడైన ముక్క ఒక్కటే మార్చుకునేలా ఉండాలి. ప్లాస్టిక్ తొడుగు ఉండకూడదు. కొన్న స్టార్లు మా ఇంట్లో జనవరి కల్లా చిరిగి చెత్తబండి ఎక్కుతున్నాయి. ప్రభువు పుట్టాడని వాకిట్లో కట్టుకున్నదాన్ని పదిహేను రోజులకే చెత్తలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

మత్తయి సువార్త 2వ అధ్యాయంలో జ్ఞానులు చూసిన నక్షత్రానికి ఎన్ని కొమ్ములో రాసి లేదు. నేను ఐదు తీసుకున్నది బద్దల లెక్క కోసం. ముఖానికి ఐదు బద్దలు, రెండు ముఖాలకు పది. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్‌కి కట్టే పరోల్ దీపాలకూ సంప్రదాయంగా వెదురు చట్రమే, మీద కాగితం. మా నాన్న కట్టిందీ అలాంటిదే. కానీ ఆయన కొలతలు ఎక్కడా రాసి పెట్టలేదు. నేను రాసి పెడుతున్నాను.

దశ 1: ఎండుకర్ర (నవంబరు 18, 19)

అడితిలో పదడుగుల ఎండు వెదురు 80 రూపాయలకు, పురికొస ఉండ 20 రూపాయలకు తెచ్చాను. 36 అంగుళాల ముక్కలు మూడు కోసి, ఒక్కోదాన్ని ఎనిమిదిగా చీల్చాలనుకున్నాను. 24 బద్దలు రావాలి, పనికొచ్చినవి 11.

ఎక్కడ పోయాయంటే:

1. కత్తి పెట్టి సుత్తితో కొడితే చీలిక తిన్నగా పోలేదు. సగం దూరం వెళ్ళి పక్కకు పారింది. ఒక బద్ద ఒక చివర 15 మి.మీ., రెండో చివర 6 మి.మీ.
2. గట్టిగా ఉండాలని బద్దను 12 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉంచాను. పది బద్దలకు కట్లతో కలిపి 475 గ్రాములు తూగింది.
3. రెండు ముఖాలనూ దూరంగా నిలబెట్టే అడ్డపుల్లలు 10 అంగుళాలవి పెట్టాను. మూడో పుల్ల దూర్చేసరికి ఒక బద్ద విరిగింది. నాలుగోదానికి ఇంకో రెండు. మూడూ కణుపు దగ్గరే విరిగాయి.
4. పురికొస కట్లు సాయంత్రానికి బిగువుగా ఉన్నవి, తెల్లారి చూస్తే జారిపోయి ఉన్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని, బుట్టలు అల్లే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన ముక్కను గోటితో గీరి, "ఎండుకర్ర వంగదు బాబూ. పైగా నునుపు లోపలికి పెట్టావు. పైతోలు బయటికి ఉంటే సాగుద్ది, లోపలికి పెడితే ఇరుగుద్ది," అన్నారు. మందం ఉంటే బలం ఉంటుందనుకోవడం నా తప్పు. ఈ చట్రం వంగి నిలబడాలి. మందం ఎక్కువైన కొద్దీ అది వంగదు, విరుగుతుంది.

ఇంతవరకు: 100 రూపాయలు, 5 గంటలు.

దశ 2: పచ్చికర్ర (నవంబరు 24 – 28)

ఈసారి పచ్చి వెదురు 12 అడుగులది, 120 రూపాయలు. కణుపుకీ కణుపుకీ మధ్య 16 అంగుళాలు ఉన్నదాన్ని ఏరుకున్నాను. కారణం కింద చెబుతాను.

శుక్రవారం సాయంత్రం తెచ్చి, రాత్రికి ఎండిపోకుండా తడి గోతంలో చుట్టాను. ఆ గోతం మిర్చి యార్డు నుంచి వచ్చినది. మిర్చి ఘాటు తడికి కర్రంతా పట్టింది. శనివారం చీల్చుతుంటే చేతులు మండటం మొదలై, చెమట తుడుచుకున్నాక కళ్ళు కూడా మండాయి. గంటన్నర పని ఆగింది. నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు, దాని కారం నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కళ్ళకు మాత్రం చల్లటి నీళ్ళే. గుంటూరులో గోతానికి కొదవ లేదు, కానీ ఈ పనికి బియ్యం గోతం చూసుకోండి.

చీల్చడం పెద్దాయన చూపించిన పద్ధతిలో చేశాను. ముందు సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి, ఎప్పుడూ సమభాగాలుగానే. చీలిక ఒక పక్కకు పారుతుంటే, మందంగా మిగులుతున్న పక్కను పట్టుకుని ఎక్కువగా వంచాలి. చీలిక మళ్ళీ దారిలోకి వస్తుంది. కొట్టే పని మొదటి అంగుళానికే, తర్వాతంతా చేతులతో విప్పడమే. 14 చీలికల్లో 12 బాగా వచ్చాయి. 9 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందానికి చెక్కాను. ఒక్కోటి ఆరాక 29 గ్రాములు.

వెదురులో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. నీళ్ళలో నానబెడితే ఆ పిండి కొంత కారిపోతుంది. పది రోజులు చెరువులో వేయమన్నారు పెద్దాయన. నాకు క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం డిసెంబరు 3 ముంచుకొస్తోంది. ఇంటి తొట్టిలో రెండు రోజులే నానబెట్టాను. దాని ఫలితం ఆఖర్న రాశాను.

బద్దల మీద గీతలు ఎక్కడ పెట్టాలో మా అమ్మాయి లెక్క కట్టింది. తొమ్మిదో తరగతి. ఐదు కొమ్ముల నక్షత్రంలో ఒక గీతను మిగతావి రెండుచోట్ల ఖండిస్తాయి. చివరి ముక్క మొత్తం పొడవులో 0.382 వంతు. 36ని 0.382తో గుణిస్తే 13¾ అంగుళాలు, మధ్యముక్క 8½. సువర్ణ నిష్పత్తి 1.618 ఇందులోంచే వస్తుందని తనే నాకు చెప్పింది. జర్మనీలో మొరావియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ళ బడిలో 1830ల్లో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికే కాగితం నక్షత్రం చేయించారట, మొరావియన్ స్టార్ అక్కడే పుట్టింది. మా ఇంట్లో పాఠం తిరగబడి కూతురి నుంచి తండ్రికి వచ్చింది. నాకు చాలా సంతోషమైంది.

చట్రం కట్టే వరుస:

1. బద్దలకు 1 నుంచి 10 వరకు అంకెలు వేయాలి. ప్రతి బద్ద మీదా ఒక చివర నుంచి 13¾, 22¼ అంగుళాల దగ్గర పెన్సిల్ గీత.
2. కణుపులు ఆ రెండు గీతలకూ బయటే పడేలా బద్దను కోసుకోవాలి. నావి 10, 26 అంగుళాల దగ్గర పడ్డాయి. వంపు భారమంతా మధ్య 8½ అంగుళాల మీదే పడుతుంది. కణుపు దగ్గర పీచు వంకర తిరిగి ఉంటుంది గనక అక్కడ కణుపు ఉండకూడదు. 16 అంగుళాల ఎడం ఉన్న కర్ర ఏరింది అందుకే.
3. ఐదు బద్దలు నేలమీద నక్షత్రంగా పరిచి, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి పోనిచ్చి, గీత మీద గీత కలిపి కట్టాలి. పైతోలు బయటి వైపు.
4. అలాంటివి రెండు. ఒకదానిమీద ఒకటి బోర్లించి ఐదు కొసలు కలిపి కట్టాలి.
5. లోపలి ఐదు కూడళ్ళలో 7 అంగుళాల అడ్డపుల్లలు. ఒకదాని తర్వాత పక్కది పెట్టకుండా, ఒకటి వదిలి ఒకటి పెడితే భారం సమంగా పంచుకుంటుంది.

కట్లకు పురికొస మానేసి పాత సైకిల్ ట్యూబు తీసుకున్నాను. పంచరు షాపులో 10 రూపాయలిస్తే ఒక ట్యూబు వచ్చింది. అర అంగుళం పట్టీలుగా కోసి, సాగదీసి చుట్టి, కొస లోపలికి దోపాలి. పచ్చి వెదురు ఆరేటప్పుడు సన్నబడుతుంది. పురికొస అప్పుడు వదులైపోతుంది, రబ్బరు మాత్రం వెంటపడి పట్టుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత చూసినా ఒక్క కట్టూ జారలేదు.

చట్రం బరువు 325 గ్రాములు. 36 అంగుళాల బద్ద వంగాక కొస నుంచి కొసకు 35 వచ్చింది. లెక్క ప్రకారం కూడా అంతే రావాలి.

ఇంతవరకు: 230 రూపాయలు, 11 గంటలు.

దశ 3: కాగితం, దీపం (నవంబరు 30 – డిసెంబరు 2)

ముక్కలు 22. ముందూ వెనకా కొమ్ములకు పది త్రికోణాలు (అడుగు 8½, పక్కలు 13¾), రెండు పంచకోణాలు (భుజం 8½), కొమ్ముల పక్కలకు పది సన్న త్రికోణాలు (అడుగు 7, పక్కలు 13¾). మొత్తం దాదాపు 9 చదరపు అడుగులు. గాలిపటాల కాగితం తెల్లది, 40 రూపాయలు.

జిగురు: మైదా 50 గ్రాములు, నీళ్ళు 300 మి.లీ., సన్న సెగ మీద ఉడికించి, దించాక చిటికెడు మైలుతుత్తం. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండు చేసేవాళ్ళు వేసేది ఇదే. అది విషం. వంటగిన్నె వాడకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. నేను పాత డబ్బాలో ఉడికించి డబ్బా పారేశాను.

దీపానికి హోల్డరు, ఐదు మీటర్ల వైరు, ప్లగ్గు, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కలిపి 265 రూపాయలు. నాన్న పెట్టెలో పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి దొరికితే పరీక్ష చేశాను. కాగితానికి నాలుగు అంగుళాల దూరంలో 20 నిమిషాలు వెలిగిస్తే కాగితం మీద గోధుమరంగు మచ్చ పడింది. ఇంట్లో అలాంటి బల్బులు ఇంకా ఉన్నవాళ్ళు దయచేసి స్టార్‌లో పెట్టకండి. ఎల్‌ఈడీ కింద అంతసేపూ కాగితం తెల్లగానే ఉంది.

శనివారం సాయంత్రం వరండాలో కట్టాను.

ఇంతవరకు: 535 రూపాయలు, 16 గంటలు.

దశ 4: తుఫాను (డిసెంబరు 3 – 6)

ఆదివారం నుంచే ముసురు. మిచౌంగ్ తుఫాను 5వ తేదీ, మంగళవారం మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. వరండా పైకప్పు ఉంది కదా అనుకున్నాను. వాన ఏటవాలుగా వచ్చింది. కానీ జల్లు పడకముందే, సోమవారం ఉదయానికే, కాగితం గాలి తేమకు సాగి వేలాడింది. మైదా జిగురు తడికి మెత్తబడి అంచులు వాటంతట అవే విడిపోయాయి. బుధవారం చూస్తే 22 ముక్కల్లో నాలుగు మిగిలాయి.

ఆ వారం కూడికలో ప్రార్థన అంతా కోతకొచ్చిన వరి గురించే. మా సంఘంలో సగం మందికి పల్లెల్లో చుట్టాలున్నారు. పనల మీద నీళ్ళు నిలిచిన పొలాల ఫోటోలు చూశాక ఇంటికొచ్చి కాగితం గురించి బాధపడాలనిపించలేదు. కాగితం పీకేసి చట్రాన్ని తూచాను, పనికి కావలసింది అదే.

చట్రం తడిసి 410 గ్రాములు. మూడు రోజులు నీడలో ఆరాక 330. ఒక్క కట్టూ ఊడలేదు, కూడళ్ళ దగ్గర గీతలు కదల్లేదు. అంటే చట్రం నిలిచింది, తొడుగే నిలవలేదు.

ఇంతవరకు: 535 రూపాయలు, 17 గంటలు.

దశ 5: చీర (డిసెంబరు 8 – 13)

గుడ్డ వేయాలని తేలింది. కొత్త గుడ్డ కొంటే తడికి ముడుచుకుపోతుంది, ఉతికి ఉతికి ముడుచుకోవడం అయిపోయిన పాత నూలు కావాలి. మా ఆవిడే అంది, "అత్తయ్య ఆదివారం చీర ఉంది కదండీ."

అమ్మ గుడికి కట్టుకెళ్ళే తెల్ల వాయిల్ చీర అది. అమ్మ పోయి ఆరేళ్ళు. బీరువాలో మడత మీద పసుపుచార పడి ఉంది, మడత దగ్గర గుడ్డ పిగిలింది కూడా. ఇంకో రెండేళ్ళుంటే చీలికలయ్యేది. ఒక రోజంతా ఆగాను. ఆ తర్వాత కత్తెర నేనే పట్టుకున్నాను. మడతలు తప్పించి కోసినా 22 ముక్కలూ వచ్చాయి, పమిట కొంగు మిగిలింది. దాన్ని అలాగే మడిచి పెట్టాం.

గుడ్డను చట్రానికి ఎలా తగిలించాలన్నది రెండు రోజులు తేలలేదు. అంటిస్తే విప్పడం కుదరదు. కుట్టేస్తే చట్రం బయటికి రాదు. దారి పొద్దుటి కుటుంబ ప్రార్థనలో దొరికింది. ఆ రోజుల్లో మేము నిర్గమకాండం చదువుతున్నాం. 26వ అధ్యాయంలో ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) తెరల రెండు కూర్పుల్ని ఒకదానికొకటి తగిలించడానికి ఒక్కో కూర్పు అంచుకు యాభై కొలుకులు (తగిలించే ఉచ్చులు), వాటిని కలపడానికి యాభై బంగారు గుండీలు చేయమని ఉంటుంది. ఆ గుడారం విప్పి మోసుకెళ్ళి ఇంకోచోట వేయాల్సినది, అందుకే కుట్టేయలేదు, తగిలించారు. ఎన్నిసార్లో చదివాను, కొలతలు వచ్చేచోట గబగబా దాటేసేవాణ్ణి. ఈసారి మళ్ళీ వెనక్కి వెళ్ళి మెల్లగా చదివాను. 31వ అధ్యాయంలో ఆ పని చేసే బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచానంటాడు. చేతిపనివాణ్ణి పేరుపెట్టి పిలిచిన దేవుడు కొలతల్ని కూడా ఊరికే రాయించి ఉండడు.

జాకెట్టు హుక్కులు 30 జతలు, దారం కలిపి 45 రూపాయలు. మా ఆవిడ కుట్టిన వరుస:

1. ప్రతి ముక్కకూ కుట్టుకోసం చుట్టూ అర అంగుళం, హుక్కులు వచ్చే అంచుకు ఒక అంగుళం అదనం.
2. త్రికోణం కొస నుంచి అడుగు దాకా నిలువు పోగు పోయేలా కోయాలి. మొదట గుడ్డ కలిసొస్తుందని మూడు ముక్కలు ఏటవాలుగా కోశాను. అవి సాగి బొజ్జలు దిగాయి, తీసేసి మళ్ళీ కోశాను.
3. ముందు తొడుగు: పంచకోణానికి ఐదు త్రికోణాలు, వాటికి రెండు పక్కలా సన్న త్రికోణాలు. మొత్తం ఒకే ముక్కగా కుట్టాలి.
4. వెనక తొడుగు: పంచకోణం, ఐదు త్రికోణాలు.
5. రెండూ కలిసే పది అంచులకు, అంచుకు మూడు హుక్కుల చొప్పున.

కుట్టాక పల్చటి గంజిలో ముంచి పిండి, తడి మీదే చట్రానికి తొడిగాం. ఆరేకొద్దీ గుడ్డ బిగిసింది. గంట తర్వాత వేలితో కొడితే డప్పులా పలికింది. సాయంత్రానికి ఒక కొమ్ము పక్కకు వాలిపోయింది.

కొస నుంచి పక్క కొసకు ఎంత ఉందో ఐదుచోట్లా టేపు పెట్టి కొలిచాను. మూడుచోట్ల 21¾ అంగుళాలు, ఒకచోట 20½, ఒకచోట 22¾. వాలిన కొమ్ములో ఉన్నది 9వ బద్ద. విప్పి కొలిస్తే దాని మధ్యభాగం 5 మి.మీ. ఉండాల్సింది 4 మాత్రమే ఉంది. చెక్కేటప్పుడు చేయి జారి ఉంటుంది. కాగితం ఉన్నప్పుడు ఇది బయటపడలేదు, ఎందుకంటే కాగితం చట్రాన్ని లాగదు. గంజి గుడ్డ లాగుతుంది. విడిగా ఉన్న రెండు బద్దల్లో ఒకటి దాని స్థానంలో వేశాను. వెనక అంచుకు కాజాలు రెండో వరుస కూడా కుట్టించాను, పావు అంగుళం వదులు కావాలంటే వాటికి తగిలించొచ్చు. రెండోసారి ఆరాక ఐదుచోట్లా 21½కి, 21¾కి మధ్యలోనే ఉన్నాయి.

తొడుగుతో బరువు 445 గ్రాములు. 9 వాట్ల తెల్ల బల్బు గుడ్డలోంచి ఒక్కచోటే గుచ్చినట్టు వెలిగింది. ఇంట్లోనే ఉన్న 5 వాట్ల పసుపు బల్బు మార్చాక వెలుగు కొసల దాకా పరుచుకుంది. అడ్డపుల్లల నీడలు ఐదు గీతలుగా పడుతున్నాయి. వాటిని తీసే ప్రయత్నం చేయలేదు, నాకవి బాగున్నాయి.

ఇంతవరకు: 580 రూపాయలు, 26 గంటలు.

దశ 6: కట్టడం (డిసెంబరు 16 – 24)

మేడమీద ఇనప గొట్టానికి కట్టాను. తాడు 60, రెండు కొక్కేలు 20 రూపాయలు. మొదటి రాత్రి గాలికి స్టార్ తిరుగుతూనే ఉంది. పొద్దునకు వైరు తాడుకు పదకొండు మెలికలు చుట్టుకుంది. కింది రెండు కొమ్ముల నుంచి సన్న తాళ్ళు లాగి పిట్టగోడకు కట్టాక ఆగింది.

హోల్డరు నోరు కిందికే ఉండాలి. వైరును పైనుంచి నేరుగా హోల్డరులోకి దించకుండా, ముందు హోల్డరు కంటే దిగువకు ఒక వంపు ఇచ్చి మళ్ళీ పైకి తేవాలి. మంచునీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. డిసెంబరులో మన దగ్గర తెల్లవారుజామున పడే మంచుకు గుడ్డ రోజూ తడిసి, తొమ్మిదింటికల్లా ఆరిపోయేది. గంజి బిగువు వారానికి కొంచెం తగ్గింది, రెండో వరుస కాజాల నుంచి మొదటి వరుసకు మార్చితే సరిపోయింది.

23 రాత్రి రెండు గంటలకు క్యారల్స్ జట్టు వచ్చింది. డోలకు కొట్టే కుర్రాడు పాట అయ్యాక మేడెక్కి, స్టార్ వెనక్కి వెళ్ళి హుక్కులు లెక్కపెట్టాడు. "అంకుల్, మాకు చట్రం కొలతలు కావాలి, మా పేటలో చేసుకుంటాం," అన్నాడు. టీ తాగే లోపల కాగితం మీద రాసిచ్చాను. ఈ డైరీ మొదలైంది ఆ కాగితం నుంచే.

ఇంతవరకు: 660 రూపాయలు, 29 గంటలు.

దశ 7: విప్పడం (2024 జనవరి 6)

జ్ఞానులు శిశువును చూసిన ఎపిఫనీ రోజున దించాం. విప్పడానికి 25 నిమిషాలు పట్టింది. తొడుగు తప్పకుండా ఉతికి గంజి పోగొట్టి పెట్టాలి, గంజి ఉంటే పురుగు, బూజు రెండూ వస్తాయి. ఎండలో ఆరేసి, మిగిలిన కొంగుతో పాటు ఒక వేపాకు పొట్లం పెట్టి మడిచాం.  

బద్దలు తుడుస్తుంటే 7వదాని కింద కాగితం మీద లేత పసుపు పొడి రాలింది. వెతికితే సూది మొన అంత బెజ్జం ఒకటి, రెండో గీత దగ్గర. రెండు రోజులే నానబెట్టినందుకు ఇది. మిగతా తొమ్మిదింటినీ వెలుతురులో తిప్పి చూశాను, ఎక్కడా బెజ్జం లేదు. అయినా తొమ్మిదింటినీ, ఆఖరి విడి బద్దనూ కలిపి పన్నెండు రోజులు తొట్టిలో వేసి, రోజు మార్చి రోజు నీళ్ళు మార్చాను. 7వ బద్ద పొయ్యిలోకి వెళ్ళింది. విడి బద్ద మీద 13¾, 22¼ దగ్గర గీతలు గీసి, చివర 7 అని రాసి, కట్టలో దాని వరుసలో పెట్టాను.